పదికి మూడున్నర

(స్త్రీల హక్కుల కార్యకర్తల కోసం జరిగిన రచనా శిబిరంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



కరపత్రంలో నా ప్రసంగం పేరు ‘స్త్రీల రచనలు – విలువ కట్టే ప్రమాణాలు’ అని వేశారు. దానికి తగ్గట్టు పద్దెనిమిది పేజీల పత్రం కూడా రాసుకున్నాను. రాత్రి దాన్ని మరోసారి సరిచూసుకుందామని కూర్చుని ఆరో పేజీ దగ్గర నేనే నిద్రపోయాను. రాసినదాన్నే నిద్రపుచ్చిన పత్రం, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్న మిమ్మల్ని ఏం చేస్తుందో ఊహించుకోగలను. అందుకని దాన్ని సంచీలోనే ఉంచాను. మూడేళ్ళ కిందట నేనొక కథల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. అక్కడ ఎట్లా భంగపడ్డానో చెబుతాను. విషయం ఒకటే, కాకపోతే ఇందులో నా పరువు పోతుంది.

నేను కథలు రాయను. ఇంటర్మీడియట్‌లో ఒకటి రాశాను. అందులో నాయిక క్షయతో చనిపోతుంది. మా అమ్మ చదివి, “అదేంటే, దీనికి మందొచ్చింది కదా” అంది. దాంతో మానేశాను. నాకున్నది సోషియాలజీలో డాక్టరేటు. పేరు ముందు డాక్టరని చూసి మా అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు ఇప్పటికీ మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటారు. పోటీ పెట్టిన సంస్థ వాళ్ళూ ఇంచుమించు అదే లెక్కలో నా దగ్గరికొచ్చారు. కమిటీలో రిటైరైన తెలుగు మాస్టారొకరున్నారు, కౌన్సెలింగ్ సెంటర్ నడిపే అక్క ఒకరున్నారు, బరువుగా ఒక డాక్టరేటు కూడా ఉంటే బాగుంటుందన్నారు. నేను పొంగిపోయాను. మనల్ని ఎవరైనా తీర్పు చెప్పమంటే అప్పటికప్పుడు మనకి తెలివి పెరిగినట్టుంటుంది.

పోటీ నియమాలు మీకు తెలియనివి కావు. కథ పది పేజీలు మించరాదు. కాగితానికి ఒకవైపే రాయాలి. అనువాదం, అనుసరణ కాదని హామీపత్రం జతచేయాలి. పేరు, చిరునామా విడి కాగితం మీద రాయాలి. వచ్చిన రచనలపై సర్వహక్కులూ సంస్థవే. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. ఈ నియమాలు ఎవరు తయారుచేశారని అడిగితే, పాత పోటీ కరపత్రం నుంచి ఎత్తి వేశామన్నారు. ఆ పాత కరపత్రం వాళ్ళు ఎక్కడి నుంచి ఎత్తారో! మనుధర్మ శాస్త్రం కూడా ఇట్లాగే మనదాకా వచ్చి ఉంటుంది.

నూట అరవై పైచిలుకు కథలు. టపాలో వచ్చినవి, ఈమెయిల్లో వచ్చినవి, వాట్సప్‌లో ఫోటోలు తీసి పంపినవి అన్నీ కలిపి, పేర్లు తీసేసి, అంకెలు వేసి, ఫోటోకాపీలు తీయించి, రెండు బియ్యం సంచుల్లో మా ఇంటికి చేర్చారు. నెలన్నర గడువు. మొదటి ఆదివారం పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. మొదటి కథలో నాయిక వంటింట్లో నలిగిపోతోంది. రెండో పేజీ తిప్పేసరికి మా వంటింట్లో కుక్కరు కూత వేసింది. లేచాను. వచ్చి కూర్చున్నాను. నాయిక అత్తగారికి ఇడ్లీ పెడుతోంది. మా అత్తగారు “ఇవాళ టిఫినేంటమ్మా” అన్నారు. లేచాను. మా ఆయన అభ్యుదయవాది. “నువ్వు చదువుకో, నేను టీ పెడతాను” అన్నాడు. తరవాత టీ పొడి ఎక్కడుందని, పంచదార ఎక్కడుందని, గిన్నె ఏదని అడిగాడు. చివరికి “ఇది పొంగుతోంది” అని ఒక సమాచారం అందించాడు. నాయిక ఆరో పేజీలో తిరగబడింది. నేను ఇంకా మూడో పేజీలోనే ఉన్నాను.

లెక్కల మనిషిని కాబట్టి ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. 2019లో ప్రభుత్వమే దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేశారు. ఆడవాళ్ళది 289కి తగ్గింది. పది నిమిషాలు మిగిలాయని సంతోషించేలోపు పక్క గడి చూశాను. మగవాళ్ళది 97 నుంచి 88కి తగ్గింది. టీ పొడి వెతకడం కూడా మానేసినట్టున్నారు. ఏమైతేనేం, ఈ నూట అరవై కథల్లో ఆడవాళ్ళు రాసిన ప్రతిదీ ఆ 289 నిమిషాలు పూర్తయ్యాక, నిద్రని కొంత కోసుకుని రాసిందే. మార్కులు వేసేటప్పుడు ఈ సంగతి ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు.

నాకు కథల గురించి తెలియదు గానీ పట్టికలు వేయడం తెలుసు. భయం పోవడానికి ముందు పట్టిక వేశాను. అలారం మోతతో మొదలైన కథలు ముప్పై పైనే. కాఫీ చల్లారిపోయిన కథలు నలభైకి తక్కువ లేవు. ఒక కథలో కాఫీ రెండుసార్లు చల్లారింది. కీలకమైన ఘట్టంలో వాన కురిసిన కథలు సగం. ఈ వానకి కారణం ఉందిలెండి. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అప్పటినుంచీ తెలుగులో పోటీకి కథ పంపేవాళ్ళు గొడుగు లేకుండా పంపరు.

ముగింపులు చూస్తే మంగళసూత్రం తెంపి మొహాన కొట్టినవి పంతొమ్మిది. సూట్‌కేసు పట్టుకుని వెళ్ళిపోయినవి ముప్పై దాకా. సూట్‌కేసు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టిందన్నది మాత్రం ఒక్కరూ రాయలేదు. హైదరాబాదులో ఒంటరి ఆడదానికి ఎవడు ఇల్లు అద్దెకిస్తాడు? అడ్వాన్సు ఎంత? నాయిక ఒక పేజీ నిండా ఉపన్యాసం ఇవ్వగానే భర్త మనసు మారిపోయిన కథలు ఇరవై ఆరు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి భర్తల్నే కూర్చోబెట్టి మాట్లాడుతున్న అక్కని అడిగాను, ఇంతమంది మారతారా అక్కా అని. “నా అనుభవంలో ముగ్గుర్ని చూశా. అందులో ఒకడికి పక్షవాతం వచ్చింది” అంది.

మగవాళ్ళు ఆడపేర్లతో రాసినవి కూడా ఉన్నాయి. పేర్లు తీసేశాం కదా, ఎట్లా తెలిసిందంటారా? పొయ్యి మీద పాలు పెట్టి అద్దంలో తన నడుము చూసుకుని మురిసిపోయే ఆడమనిషి నాకింతవరకు తారసపడలేదు. ఇది మనకి కొత్తేమీ కాదు. రచయిత్రుల నవలలు వారపత్రికల్ని నడిపిన రోజుల్లో చాలామంది మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్నారు. బీనాదేవి లాగా భార్యాభర్తలిద్దరూ కలిసి ఒకే పేరుతో రాయడం వేరే సంగతి. దాన్ని నేను గౌరవిస్తాను. ఇక 498ఎ దుర్వినియోగం మీద ఏడు కథలు వచ్చాయి. ఏడింటిలోనూ ముసలి తండ్రి పోలీస్‌స్టేషన్ మెట్ల మీద కూలబడతాడు. ప్రకటనలో మేం ‘స్త్రీల సమస్యలపై’ అని వేశాం. వాళ్ళు దాన్ని ‘స్త్రీలనే సమస్యపై’ అని చదువుకున్నారు.

ఇట్లా నవ్వుకుంటూ మార్కులు వేసుకుంటూ పోయాను. ఇతివృత్తానికి నాలుగు, శిల్పానికి మూడు, భాషకి మూడు, మొత్తం పది. పక్కన ఒక గడిలో ‘వ్యాఖ్య’. 94వ కథకి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. రూళ్ళ నోటుబుక్కు కాగితాల మీద చేతిరాత. కథకి పేరు లేదు. జగిత్యాల వైపు పల్లె, బీడీలు చుట్టే ఇల్లు. ‘నేను’ అని ఒక ఆడమనిషి చెబుతుంది. రోజుకి నలభై కట్టలు, కట్టకి ఇరవై అయిదు. మొగుడు వాటిని కంపెనీకి మోసుకెళ్ళి లెక్క చూసుకుంటాడు. పైసలు ఆమె కంటపడవు. ఆమె రోజుకొక కట్ట తునికాకు కింద దాచి, పక్కింటామె పాస్‌బుక్కు మీద వేయిస్తుంది. మొగుడికి అనుమానం వస్తుంది. కొడతాడు. ఏ రోజు దేంతో కొట్టాడో వరసగా రాస్తుంది, సామాను జాబితా రాసినట్టు. చివరి పేజీలో వాడు దాచిన కట్ట పట్టుకుంటాడు. “గొళ్ళెం పెట్టిండు” అన్న మాటతో పేజీ అయిపోతుంది.

నేను ఇతివృత్తానికి రెండు, శిల్పానికి అర, భాషకి ఒకటి వేశాను. పదికి మూడున్నర. వ్యాఖ్య గడిలో ఇట్లా రాశాను: “వాస్తవమే గానీ కథ కాదు. ముగింపు లేదు.” రాసి, లైటార్పి, హాయిగా పడుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ నెల్లోనే ఢిల్లీలో ఒక సదస్సుకి, ఇంటినుంచి పనిచేసే ఆడవాళ్ళ సంపాదన మీద అదుపు ఎవరిదన్న విషయం మీద పత్రం చదవాలి. దాచిన కట్ట సంగతి నా వాదానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. రెండు పేరాలు ఇంగ్లీషులోకి మార్చి, ‘ఉత్తర తెలంగాణకు చెందిన ఒక సమాచారదాత’ అని పెట్టి చదివేశాను. టీ విరామంలో ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి ఆ భాగం చాలా శక్తివంతంగా ఉందన్నారు. నేను వినయంగా తలూపాను. అది నా కథ అయినట్టు.

సరే, న్యాయనిర్ణేతల సమావేశం. మాస్టారి దగ్గర ఎర్ర పెన్నుంది. తెలంగాణ మాటల్లో రాసిన కథలన్నిట్లోనూ ‘వచ్చిండు’ని ‘వచ్చాడు’ అని, ‘ఇస్త’ని ‘ఇస్తాను’ అని దిద్దుకుంటూ వచ్చారు. అలవాటు, మనిషి చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. బెల్టుషాపుల మీద వచ్చిన ఒక కథని “ఇది నినాదమమ్మా, దీంట్లో శిల్పమేదీ” అని పక్కన పెట్టేశారు. అక్క ఊరుకోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో చదివిన సీతమ్మ కథకి ఏం శిల్పముంది మాస్టారూ అంది. అక్షరాస్యత వాచకంలో పాఠం అది. కథ అనేది చదివి పక్కన పెట్టేయాల్సిన వస్తువని తెలియక, చదివిన వాళ్ళు 1992లో వెళ్ళి సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించాల్సి వచ్చింది. “ఆ కథకి మీరైతే ఎన్ని మార్కులేసేవారు?” అని అడిగింది. మాస్టారు నిజాయితీగా ఆలోచించి “నాలుగు” అన్నారు.

మొదటి బహుమతి ఎట్లా తేలుతుందో మీకు చెప్పాలి, ఇది అన్ని పోటీల్లోనూ ఉండే రహస్యం. మాస్టారికి నచ్చిన కథకి నేను మూడేశాను. నాకు నచ్చినదానికి ఆయన రెండేశారు. అక్కకి నచ్చినదానికి మేమిద్దరం నాలుగేసి వేశాం. ముగ్గురివీ కూడి మూడుతో భాగిస్తే, ముగ్గురిలో ఎవరికీ ప్రత్యేకంగా నచ్చని, ఎవరికీ అభ్యంతరం లేని కథ ఒకటి పైకి తేలింది. అందులో వానుంది. సూట్‌కేసు ఉంది. కాఫీ చల్లారింది. అయిదు వేల రూపాయలు దానికిచ్చాం.

అక్క అప్పటికి చివరి కట్ట ఇంకా చదవలేదు. ఆమెకి రోజూ స్టేషన్లు, కోర్టులే సరిపోతాయి, కథలకి తీరికేదీ. సంతకాలు పెట్టేముందు టీ తాగుతూ మిగిలినవి తిరగేస్తోంది. 94 దగ్గర ఆగింది. చివరి పేజీ రెండుసార్లు చదివి, కప్పు కింద పెట్టి, “ఈ మనిషి అడ్రసేది?” అంది.

మాకు అర్థం కాలేదు.

“గొళ్ళెం పెట్టాడని రాసి ఆపేసిందమ్మా. తరవాత ఏమైంది? ఇది మనకెప్పుడొచ్చింది?”

అప్పటికి మూడు నెలలు. గదిలో ఎవరమూ మాట్లాడలేదు. నా వ్యాఖ్య ఆమె చేతిలో ఉన్న కాగితం మీదే ఉంది. ముగింపు లేదు. ఒక ఆడమనిషి ప్రాణభయంతో మనకి అర్జీ పెట్టుకుంటే నేను దానికి శిల్పం కింద అర మార్కు వేశాను. కథ నిష్పాక్షికంగా చదవాలని పేర్లు తీసేశాం కదా, ఆ పేర్ల రిజిస్టరు దాచిన అమ్మాయి పెళ్ళికి సెలవు మీద వెళ్ళింది. బీరువా తాళం ఆమె దగ్గరే ఉంది. గృహహింస చట్టం మీద పుస్తకాలు వేసిన సంస్థలో బీరువా పగలగొట్టాలా వద్దా అని అరగంట చర్చించాం. చివరికి పగలగొట్టాం. మర్నాడు తెల్లవారుజామున అక్కా నేనూ బస్సెక్కాం. 2005 చట్టం కింద రక్షణాధికారికి ఇవ్వాల్సిన ఫిర్యాదు కాగితాలు, జిల్లాలో ఉన్న వకీలు మిత్రురాలి ఫోన్ నంబరు, వసతి గృహంలో ఒక మంచం ఖాళీ, అన్నీ సిద్ధం. దారి పొడుగునా నేను ఒక్క మాట మాట్లాడలేదు.

ఇల్లు దొరికింది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. చేటలో ఆకు, తంబాకు. నా వయసే ఉంటుంది. మేం గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, ఫలానా సంస్థ నుంచి వచ్చామని, భయపడొద్దని చెప్పాం. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“బహుమతి వచ్చిందా మేడం?”

అక్క నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. కథ బాగుందమ్మా, ముందు మీ సంగతి చెప్పండి, ఇంట్లో ఇప్పుడెట్లా ఉంది, ఆయన ఎక్కడున్నాడు అని అక్క నెమ్మదిగా మొదలుపెట్టింది. ఆవిడకి కొంతసేపు మా ధోరణి బోధపడలేదు. బోధపడ్డాక నవ్వింది. నవ్వు ఆగాక కొంచెం కోపమొచ్చింది.

“నేను కథ రాసిన మేడం. మీరు కథలు పంపుమన్నరు, పంపిన. మీరొచ్చి నన్ను ఎవలు కొట్టిన్రని అడుగుతున్నరు గని, కథ ఎట్లున్నదో ఒక్కరు గూడ చెప్తలేరు.”

మా అమ్మ కాలం నాటి ముచ్చట అది, దానికి కొంత కలిపిన అంది. ఎంత కలిపారు అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆ కథలో ఒక చిన్నపిల్ల కూడా ఉంటుంది. ఆ పిల్ల మీరేనా అని మాత్రం అడిగేశాను, ఇరవై ఏళ్ళ అలవాటు. “మల్ల గదే అడుగుతున్నరు” అంది.

కథ అర్ధాంతరంగా ఆగిందని, అందుకే కంగారుపడ్డామని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయి, “ఎన్క రాసిన గదా. కాయితాలు అయిపోయినయి. ఆఖరు ముచ్చట ఎన్కకే రాసిన” అంది. మా ఫోటోకాపీ అబ్బాయి నియమాలు తెలిసినవాడు. కాగితానికి ఒకవైపే రాయాలి కాబట్టి ఒకవైపే తీశాడు.

ఆ ముగింపు ఆవిడే చెప్పింది. గొళ్ళెం పెట్టి కొట్టినవాడు మర్నాటి నుంచి పెళ్ళాం లెక్క నమ్మడు. ఎక్కాలు నేర్చుకుంటున్న కూతుర్ని పిలిచి కట్టలు లెక్కపెట్టమంటాడు. తల్లి తలెత్తదు. పిల్ల ఒక్కొక్క కట్టే ముట్టుకుంటూ పైకి లెక్కపెడుతుంది. నలభై ఉన్నాయి. “ముప్పై తొమ్మిది నాయినా” అంటుంది.

ఆ కథకి నేను శిల్పం కింద అర మార్కు వేశాను.

మిత్రులారా, అప్పటిదాకా నేను చేసిన తప్పు ఒకటే అనుకున్నాను. అర్జీని కథ అనుకున్నామని బస్సులో సిగ్గుపడ్డాను. అరుగు మీద తెలిసిందేమంటే కథని అర్జీ అనుకున్నాం. సూట్‌కేసు పట్టుకుని వెళ్ళిపోయిన ముప్పై మంది నాయికల విషయంలో అడ్రసు వెతుక్కుంటూ మనలో ఎవరైనా బస్సెక్కామా? వాళ్ళూ ‘నేను’ అనే రాశారు. వాళ్ళనీ మొగుళ్ళు కొట్టారు. వాళ్ళు టైపు చేసి పంపారు కాబట్టి, ‘కొట్టాడు’ అని రాశారు కాబట్టి, అది కల్పన అని మనకి వెంటనే అర్థమైంది. బీడీలు చుట్టే ఆమె ‘కొట్టిండు’ అని రాస్తే మాత్రం అది సాక్ష్యం. ఆమెకి కల్పన చేసే తెలివి ఉంటుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. అక్కకి కూడా తోచలేదు. అయితే ఆమెకి కనీసం బస్సెక్కాలని తోచింది, నాకు అదీ తోచలేదు.

దీనికి వెనక పెద్ద చరిత్రే ఉంది గానీ రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ విషయంలో కందుకూరి వీరేశలింగం గారు శృంగారం ఎంత ఉందని చూశారు, ఆడది ఇట్లా రాయొచ్చా అని చూశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి వేస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో వచ్చింది. అయినా 1910 నాటి ‘దిద్దుబాటే’ మొదటి కథ అని మనం బళ్ళో చదువుకున్నాం. ఆ పోటీ న్యాయనిర్ణేతలు ఎవరో, ఎన్ని మార్కులు వేశారో! మన వైపు నుంచి ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటల్ని వాళ్ళ మాటలుగానే, వాళ్ళ పేర్లతోనే అచ్చువేసింది స్త్రీశక్తి సంఘటన. నేను ఆ పుస్తకం చదివి ఈ చదువులోకి వచ్చినదాన్ని. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చినవి పేర్లే. ఆ తరవాత నా సొంత పరిశోధనలో నేను రాసిన పేర్లన్నీ ‘లక్ష్మి (పేరు మార్చాం)’. ఎంతమంది లక్ష్ములో లెక్కలేదు.

మళ్ళీ అరుగు దగ్గరికి వద్దాం. చాయ్ ఇచ్చింది. ఆ చాయ్ తాగుతూ, ఆమెని సంతోషపెడదామనే ఉద్దేశంతో, మీ రాతలో రెండు పేరాలు ఢిల్లీలో చదివాను, పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు అన్నాను.

“నా పేరు చెప్పిన్రా?”

లేదమ్మా, మీ క్షేమం కోసం, గోప్యత కోసం... అని ఏదో అన్నాను. ఆవిడ నన్ను కొంతసేపు చూసింది. చేతులు మాత్రం ఆకు చుడుతూనే ఉన్నాయి.

“మా కంపెనీల గూడ గిట్లనే మేడం. చెకింగు చేసేటాయన మంచిగ లేవని పిడికెడు తీసి పక్కకు పెడ్తడు. వాటికి పైసలు కట్టియ్యడు. గట్లని పారెయ్యడు గూడ. గవి గూడ అమ్ముడువోతయి.”

ఆ మాట విన్నాక నా సంచీలో ఉన్న ఫిర్యాదు ఫారం తీసి నా మీద నేనే నింపుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి చట్టం తీశాను. హక్కుల పత్రికకి వ్యాసాలు రాసేదాన్ని, కాపీరైటు చట్టం మాత్రం అదే మొదటిసారి శ్రద్ధగా చదవడం. 1957 నాటి చట్టం. 17వ సెక్షన్ ప్రకారం రాసినవాళ్ళే మొదటి హక్కుదారులు. దానికి రిజిస్ట్రేషనేమీ అక్కర్లేదు, నోటుబుక్కు కాగితం మీద పెన్సిల్‌తో రాసినా అంతే. 19వ సెక్షన్ ప్రకారం హక్కుని ఇంకొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకముండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్ళే అని చట్టం అనుకుంటుంది. కరపత్రం అడుగున మనం ‘సర్వహక్కులూ సంస్థవే’ అని వేసినంత మాత్రాన నూట అరవై మంది కథలు మన బీరువా ఆస్తి అయిపోవు. 57వ సెక్షన్ ఇంకా ముఖ్యం. హక్కు అమ్ముకున్న తరవాత కూడా, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రాసినవాళ్ళకే ఉంటుంది. తమ పరువుకి నష్టం కలిగేట్టు రచనని మార్చితే అడిగే హక్కూ ఉంటుంది. మాస్టారి ఎర్ర పెన్ను కూడా ఎప్పుడో ఒకప్పుడు దీని కిందికి రావచ్చు.

ఇక్కడున్న మనందరం ఆడవాళ్ళ ఆస్తి హక్కు గురించి ఊరూరా చెబుతాం. 1986లో మన రాష్ట్రం, 2005లో దేశం ఆడపిల్లకి పుట్టుకతో సమాన వాటా ఇచ్చాయని పాటలు కట్టి మరీ చెబుతాం. అదే చేత్తో వాళ్ళు మనకి చెప్పిన బతుకుల్ని రిపోర్టుల్లో, కరపత్రాల్లో, నిధులు అడిగే దరఖాస్తుల్లో పేరూ ఊరూ లేకుండా వాడుకుంటాం. కొందరికి గోప్యత ప్రాణరక్షణ, కాదనను. అక్క దగ్గరికొచ్చే వాళ్ళలో చాలామందికి అంతే. కానీ పేరు కావాలో వద్దో అడిగామా? నేను అడగలేదు. అడిగితే కాగితం పనెక్కువవుతుందని కాదు, అడగాలన్న ఊహే రాలేదు.

ఆ సంస్థ తరవాతి పోటీ కరపత్రంలో హక్కుల నియమం మార్చింది. ఒకవైపే రాయాలన్న నియమం తీసేయమని నేను పట్టుబట్టాను. “వెనకవైపు కూడా ఫోటోకాపీ తీస్తే ఖర్చు రెట్టింపవుతుంది మేడం” అన్నారు. ఇంకా నలుగుతోంది. ఢిల్లీ వాళ్ళకి ఉత్తరం రాశాను, నా పత్రంలో ఫలానా రెండు పేరాలు ఒక కథలోవి, సమాచారదాత మాటలు కావు, కథ రాసినావిడ పేరు వేయండి అని. అట్లాంటి సవరణకి తమ దగ్గర పద్ధతేదీ లేదని జవాబొచ్చింది. రెండోసారి రాశాను. పోటీ ఫలితాలు మార్చడం కుదరలేదు. మాస్టారికి మాత్రం పూర్తి కథ పంపాం. రెండు రోజుల తరవాత ఆయన స్వయంగా ఆవిడకి ఫోన్ చేసి, ఆరో పేజీలో ఒక మాట దగ్గర వాదన పెట్టుకున్నారట. ఆవిడ ఒప్పుకోలేదట. ఇప్పుడు వారానికొకసారి వాదించుకుంటున్నారు. మొన్న ఆయనే నాకు ఫోన్ చేసి, “ఆ మాటకి మన దగ్గర సమానమైన మాట లేదమ్మా, ఆవిడ చెప్పిందే కరెక్టు” అన్నారు. ఎర్ర పెన్ను ఇంకా జేబులోనే ఉంది లెండి.

ఆవిడ పేరు ఇవాళ కూడా నేను చెప్పడం లేదు. ఈసారి అది నా నిర్ణయం కాదు. “కథ మీద నా పేరు అచ్చువడ్డ దినం చెప్పుండ్రి. అంతకు ముందు ముచ్చట్ల చెప్తే మల్ల నేను కేసునే అయిత” అంది.

పోయిన నెల ఆవిడ దగ్గర్నుంచి రెండో కథ వచ్చింది. పోటీకి కాదు, ఊరికే చదవమని. పన్నెండు కాగితాలు, రెండువైపులా రాసింది. ప్రతి కాగితం అడుగున ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో ఒక మాట: “ఎన్కకు తిప్పి చూడుండ్రి.”